బ్రౌజర్ పదే పదే మూసుకుపోతుంటే... (పాత కంప్యూటర్ మీద ఒక పాఠం)

హాస్టల్ విద్యార్థికి కంప్యూటర్‌తో పడే పనులు ఏమిటో మనందరికీ తెలుసు. స్కాలర్‌షిప్ దరఖాస్తు ఈ-పాస్‌లో పెట్టాలి. డిగ్రీ సీటు కావాలంటే దోస్త్‌లో ఆప్షన్లు ఇవ్వాలి. ఇంజనీరింగ్‌కు వెళ్లేవాళ్లు ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టి ఫ్రీజ్ చేయాలి. హాల్ టికెట్టు, రిజల్టు, నోటిఫికేషను అన్నీ బ్రౌజర్ అనే ఆ ఒక్క కిటికీలోంచే చూడాలి. రేపు గడువు ముగుస్తుందనగా, సగం ఫారం నింపిన తరువాత, ఆ కిటికీ టప్పున మూసుకుపోతే? మళ్లీ తెరిస్తే మళ్లీ మూసుకుపోతే?

ఇలాంటప్పుడు సాధారణంగా వినిపించే మాట ఒకటే. "ఈ కంప్యూటర్ పాతదైపోయింది, ఇంక పనికిరాదు." ఆ మాట అన్నాక దాని మీద గుడ్డ కప్పేస్తారు. పిల్లలు ఊళ్లోని ఇంటర్‌నెట్ సెంటర్ దగ్గర క్యూ కడతారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పాతదనం అనేది జబ్బు పేరు కాదు. జ్వరం వచ్చిన ముసలాయనకు "వయసు" అని చీటీ రాసిచ్చే డాక్టరు డాక్టరే కాదు కదా! బ్రౌజర్ మూసుకుపోవడానికి ఏదో ఒక కారణం ఉంటుంది. దాన్ని వెతికే పద్ధతి నేర్చుకుంటే చాలాసార్లు పైసా ఖర్చు లేకుండా ఆ యంత్రం ఇంకొన్నేళ్లు పనిచేస్తుంది.

పాఠం కోసం ఒక యంత్రాన్ని ఎదురుగా పెట్టుకుందాం. ఏదో ఆఫీసువాళ్లు తీసేస్తే మనకు వచ్చిన డ్యూయల్ కోర్ కంప్యూటర్. 2 జీబీ ర్యామ్. 32 బిట్ విండోస్ 7. అందులో క్రోమ్. మన హాస్టళ్లలో, చిన్న లైబ్రరీలలో కనిపించే బాపతే.

మూసుకుపోయింది ఏది?

మొదటి ప్రశ్న ఇదే. అందరూ "బ్రౌజర్ క్రాష్ అవుతోంది" అనే అంటారు గానీ, ఆ ఒక్క మాట కింద నాలుగు వేరు వేరు విషయాలు ఉంటాయి.

ఒక పేజీ మాత్రమే పోయి, మిగిలిన ట్యాబులు బాగానే ఉండి, తెర మీద "అవ్, స్నాప్!" అని కనిపిస్తే పోయింది ఆ ట్యాబు ఒక్కటే. 2008లో క్రోమ్ వచ్చినప్పుడు ట్యాబులను వేరు వేరు ప్రాసెస్‌లుగా నడిపే పద్ధతితో వచ్చింది. ఒక గదిలో దీపం ఆరితే ఇల్లంతా చీకటి కాకూడదని ఆ ఏర్పాటు. కిటికీ మొత్తం మాయమై డెస్క్‌టాప్ కనబడితే అది అసలైన బ్రౌజర్ క్రాష్. కంప్యూటరే రీస్టార్ట్ అయినా, నీలి తెర వచ్చినా, ఆగిపోయినా బ్రౌజర్‌ను తిట్టి లాభం లేదు. అది వేడి గానీ, ర్యామ్ గానీ, పవర్ సప్లై గానీ, డ్రైవరు గానీ అయి ఉంటుంది. ఇక నాలుగోది క్రాషే కాదు. "సెషన్ ఎక్స్‌పైర్డ్" అని వచ్చి వెబ్‌సైటే మనల్ని బయటకు పంపేస్తుంది. చాలాసేపు ఏమీ నొక్కకుండా కూర్చుంటే ప్రభుత్వ సైట్లు, బ్యాంకు సైట్లు అలాగే చేస్తాయి. దానికి కంప్యూటర్ రిపేరు చేయించడం దండగ.

కాబట్టి యంత్రం పక్కన ఒక నోటు పుస్తకం పెట్టండి. మూసుకుపోయిన ప్రతిసారీ తేదీ, టైము, ఏ సైటు, ఎన్ని ట్యాబులు, తెర మీద వచ్చిన మాట అందులో రాయాలి. ఎవరు వాడుతుంటే వాళ్లే రాయాలి. నాలుగు రోజుల్లో ఆ పుస్తకమే సగం సంగతి చెబుతుంది. ప్రతిసారీ ఒకే సైటు దగ్గరా? తెరిచిన అరగంటకా? వీడియో పెట్టినప్పుడా? మధ్యాహ్నం ఎండ వేళలోనే ఎక్కువా? ఈ నాలుగు ప్రశ్నలు నాలుగు వేరు దారులు చూపిస్తాయి.

బల్ల, ట్రంకు పెట్టె

పాత యంత్రంలో మొదట అనుమానించాల్సింది ర్యామ్‌నే. అది ఎలా పనిచేస్తుందో అర్థమైతే మిగిలిందంతా సులువు.

ర్యామ్ అంటే మీరు చదువుకునే బల్ల. హార్డ్ డిస్క్ అంటే మీ ట్రంకు పెట్టె. పుస్తకాలన్నీ పెట్టెలో ఉంటాయి. చదివేటప్పుడు మాత్రం బల్ల మీదకు తీస్తారు. మన 2 జీబీ బల్ల మీద విండోస్ ముందే తన సామాను పరుచుకుంటుంది. 32 బిట్ విండోస్ 7కు కనీసం 1 జీబీ ఉండాలని దాన్ని తయారుచేసిన మైక్రోసాఫ్టే చెప్పింది. విడిగా గ్రాఫిక్ కార్డు లేని కంప్యూటర్లలో తెర మీద బొమ్మ చూపించడానికి కూడా ఇదే ర్యామ్‌లోంచి కొంత తీసుకుంటారు. యాంటీవైరస్ ఒక మూల ఆక్రమిస్తుంది. చివరికి బ్రౌజర్‌కు మిగిలేది బల్ల అంచు.

బల్ల నిండితే విండోస్ ఏం చేస్తుంది? అప్పటికి అక్కర్లేని పుస్తకాన్ని తీసి పెట్టెలో పెడుతుంది, కావాల్సినప్పుడు మళ్లీ తీస్తుంది. దీనికోసం హార్డ్ డిస్క్‌లో పేజ్ ఫైల్ అని ఒకటి ఉంటుంది. ఇదే వర్చువల్ మెమరీ. కంప్యూటర్ గరగరమంటూ నత్తలా నడిచేది ఈ పెట్టె తీయడం, మూయడంలోనే. ఇక సీ డ్రైవ్ కూడా సినిమాలతో, పాటలతో నిండిపోయి ఉంటే? పెట్టెలోనూ చోటు లేదు. అప్పుడు బ్రౌజర్ "కొంచెం చోటు" అని అడుగుతుంది, విండోస్ "లేదు" అంటుంది. బ్రౌజర్ పడిపోతుంది. "అవుట్ ఆఫ్ మెమరీ" అంటే అర్థం ఇదే. డ్రైవ్ నిండడానికీ బ్రౌజర్ మూసుకుపోవడానికీ సంబంధం ఏమిటని చాలామంది అనుకుంటారు. సంబంధం ఇక్కడే ఉంది.

ఇది నిజమో కాదో కళ్లారా చూడవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ చూడండి. బ్రౌజర్ తెరవక ముందు ఎంత శాతం నిండి ఉంది, రెండు ట్యాబులు తెరిచాక ఎంత అయింది, పుస్తకంలో రాయండి. తెరవక ముందే 70, 80 శాతం దగ్గర ఉంటే దోషి బ్రౌజర్ కాదు, కంప్యూటర్‌తో పాటు తమంతట తామే మొదలయ్యే ప్రోగ్రాములు. క్రోమ్‌కు సొంత టాస్క్ మేనేజర్ కూడా ఉంది. క్రోమ్‌లో ఉండగా షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే ఏ ట్యాబు, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత మింగుతోందో వరుసగా చూపిస్తుంది. ఒకసారి చూస్తే ఆశ్చర్యపోతారు. పేజీలో నాలుగు లైన్ల వార్త, చుట్టూ కదిలే ప్రకటనల బరువు మాత్రం బండెడు!

దీనికి చేయాల్సినవి తేలిక పనులే. సీ డ్రైవ్‌లోని సినిమాలు వేరే డ్రైవ్‌కు మార్చి, డిస్క్ క్లీనప్ నడిపి కొన్ని జీబీలైనా ఖాళీ చేయాలి. అక్కర్లేని స్టార్టప్ ప్రోగ్రాములు ఆపాలి. క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ అనే చోట, క్రోమ్ మూసేశాక కూడా వెనకాల పనిచేసే యాప్‌లకు అనుమతి ఇచ్చే మీట ఉంటుంది, దాన్ని ఆపేయాలి. పేజ్ ఫైల్‌ను ఎవరైనా "స్పీడు కోసం" తీసేసి ఉంటే మళ్లీ విండోస్‌కే వదిలేయాలి. ఆ చిట్కా చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, తక్కువ ర్యామ్ ఉన్న యంత్రానికి అది విషమే. రెండు మూడు ట్యాబులకు మించి తెరవకూడదు. ఇది చెప్పడం సులువు, పదిమంది వాడే కంప్యూటర్‌లో అమలు చేయడం కష్టం. గోడ మీద కాగితం అంటించండి.

డబ్బు ఖర్చు పెట్టే వీలుంటే మొదటి రూపాయి ర్యామ్‌కే పెట్టాలి. కానీ ఒక లెక్క గుర్తుంచుకోండి. 32 బిట్ విండోస్‌లో 4 జీబీ వేసినా దాదాపు 3 నుంచి 3.5 జీబీ దాకే వాడుకోగలదు. అందులోనూ ఒక్కొక్క 32 బిట్ ప్రోగ్రాము ప్రాసెస్‌కు మామూలుగా దొరికేది 2 జీబీ. 8 జీబీ కొని ఇందులో పెట్టడం అంటే బిందె నీళ్లు గ్లాసులో పోయడమే. ర్యామ్ కొనేముందు పాత ముక్క తీసి, అది డీడీఆర్ 2నా, డీడీఆర్ 3నా అని దాని మీద చీటీ చదవండి. ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదు.

ఒక్కసారికి ఒక్క మార్పు

మెమరీ ఖాళీగానే ఉంది, అయినా మూసుకుపోతోంది. అప్పుడు? సైన్సు ల్యాబులో మాస్టారు చెప్పినట్టే, ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. ఒకేసారి అయిదు మార్చి "బాగైంది" అనుకుంటే ఏది బాగు చేసిందో తెలియదు, మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ మొదటికే.

ముందు ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి అదే సైటు చూడండి. మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప అందులో ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. అక్కడ నిలబడి, మామూలు కిటికీలో పడిపోతుంటే ఎక్స్‌టెన్షన్ గానీ, పోగుపడిన పాత డేటా గానీ కారణం. ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపి, ఒక్కొక్కటిగా వేస్తూ పోతే దొంగ దొరుకుతాడు. పదిమంది చేతులు పడ్డ కంప్యూటర్‌లో ఎవరూ వేయని టూల్‌బార్లు, వీడియో డౌన్‌లోడర్లు తప్పకుండా ఉంటాయి. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేస్తూ "నెక్స్ట్, నెక్స్ట్" నొక్కినప్పుడు వచ్చి చేరినవే అవి. ఎక్స్‌టెన్షన్లు తీసినా తగ్గకపోతే క్రోమ్‌లో కొత్త ప్రొఫైల్ తయారుచేసి చూడాలి. పాత ప్రొఫైల్ ఫైళ్లు పాడై ఉంటే కొత్తదానిలో రోగం కనిపించదు. కరెంటు పోయినప్పుడల్లా సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయే కంప్యూటర్లలో ఫైళ్లు పాడవడం మామూలే. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడు చచ్చిపోయిందో కూడా ఒకసారి కనుక్కోండి.

ఫైర్‌ఫాక్స్‌లో ఈ పరీక్షలన్నీ కలిపి చేసే సౌకర్యం ఉంది. షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని ఫైర్‌ఫాక్స్ తెరిస్తే ట్రబుల్‌షూట్ మోడ్‌లో తెరవమంటారా అని అడుగుతుంది. పూర్వం దీన్నే సేఫ్ మోడ్ అనేవారు. ఎక్స్‌టెన్షన్లు, థీములు, హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపేసి తెరుచుకుంటుంది.

ఆ చివరి మాట గురించి కొంచెం చెప్పాలి. పేజీని గీసే పనిని ప్రాసెసర్ మీద వేయకుండా గ్రాఫిక్ చిప్‌కు అప్పగించడమే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్. కొత్త యంత్రాల్లో ఇది మేలు. పాత యంత్రంలో గ్రాఫిక్ డ్రైవర్ ఏళ్ల కిందటిది. దాన్ని తయారుచేసినవాళ్లే మరిచిపోయి ఉంటారు. బ్రౌజర్ దానికి కొత్త తరహా పని చెబుతుంది, డ్రైవర్ తడబడి బ్రౌజర్‌ను కూడా తనతో లాక్కుపోతుంది. వీడియో పెట్టగానే, మ్యాప్ తెరవగానే, పేజీ వేగంగా జరపగానే మూసుకుపోతుంటే, లేదా తెర నల్లబడి చారలు వస్తుంటే దీన్నే అనుమానించండి. క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ అనే చోటే దీని మీట ఉంది. ఆపి, క్రోమ్‌ను మళ్లీ తెరవాలి. వీడియో కొంచెం నిదానిస్తుంది గానీ ఫారం నింపుకోవచ్చు.

యాంటీవైరస్ సంగతి. రెండు యాంటీవైరస్‌లు ఉంటే రెట్టింపు రక్షణ అనుకుంటారు, ఒకదాని పనికి ఇంకొకటి అడ్డం. యాంటీవైరస్ లాంటి కొన్ని ప్రోగ్రాములు తమ కోడ్‌ను బ్రౌజర్ లోపలికి చొప్పిస్తాయి. అలాంటివి ఉన్న విండోస్ కంప్యూటర్లలో క్రోమ్ క్రాష్ అయ్యే అవకాశం 15 శాతం ఎక్కువని 2017లో క్రోమ్ తయారీదార్లే ప్రకటించారు. ఒక్కటి ఉంచి రెండోది పూర్తిగా తీసేయండి.

కంప్యూటర్ రాసుకునే డైరీ

మనం నోటు పుస్తకంలో రాసినట్టే విండోస్ కూడా రాసుకుంటుంది. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని ఇంగ్లీషులో టైపు చేస్తే రిలయబిలిటీ హిస్టరీ అనేది వస్తుంది. అందులో రోజువారీ పట్టిక ఉంటుంది, ప్రోగ్రాము పడిపోయిన రోజున ఎర్ర గుర్తు ఉంటుంది. దాని మీద నొక్కి వివరాలు తెరిస్తే ఫాల్ట్ మాడ్యూల్ నేమ్ అనే వరుస కనిపిస్తుంది. ఎక్కువమంది చూడని, ఎంతో విలువైన వరుస అది. ప్రోగ్రాము ఏ ఫైల్ నడుస్తుండగా పడిపోయిందో అక్కడ రాసి ఉంటుంది. ఆ ఫైల్ పేరు ఐ, జీ, డీ అక్షరాలతో మొదలైతే సాధారణంగా అది ఇంటెల్ గ్రాఫిక్ డ్రైవర్. యాంటీవైరస్ పేరు ఉంటే సంగతి తెలిసిపోయినట్టే. ప్రతిసారీ ఒకే పేరు వస్తుంటే దోషి అక్కడే ఉన్నాడు. ఒక్కోసారి ఒక్కో పేరు, అదీ బ్రౌజరే కాకుండా వర్డ్, ఇంకేదో కూడా పడిపోతుంటే ర్యామ్ ముక్కే చెడి ఉండవచ్చు.

అప్పుడు స్టార్ట్ మెనూలో మెమరీ డయాగ్నోస్టిక్ అని వెతికి నడపండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి ర్యామ్‌ను పరీక్షిస్తుంది. తప్పు ఉందంటే కరెంటు ప్లగ్గు తీసేసి, ఇనుప క్యాబినెట్‌ను ఒకసారి ముట్టుకుని, ర్యామ్ ముక్క తీసి, దాని పసుపు పళ్లను రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడి దులిపి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టాలి. రెండు ముక్కలుంటే ఒక్కొక్కటే పెట్టి చూడాలి. మూత తీశారు కాబట్టి ప్రాసెసర్ ఫ్యాన్ మీది దుమ్ము కూడా బ్రష్‌తో తీసేయండి. ఎండ వేళలోనే ఆగిపోయే యంత్రాలకు చాలాసార్లు ఇదే మందు. మదర్‌బోర్డు మీద గుండ్రటి బిళ్ల బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032 అంటారు. అది అయిపోతే ప్లగ్గు తీసినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పయితే బ్రౌజర్ ఏ సురక్షిత సైటునూ నమ్మదు, "మీ గడియారం వెనకబడి ఉంది" అంటుంది. ఇది క్రాష్ కాదు గానీ, దీన్ని కూడా క్రాష్ లెక్కలోనే వేసి యంత్రాన్ని మూలన పెట్టినవాళ్లు ఉన్నారు.

ఎక్కడ ఆగాలి?

ఇవన్నీ చేసినా లొంగని ఒక విషయం ఉంది, దాన్ని దాచకూడదు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14న మద్దతు ఆపేసింది. క్రోమ్‌లో ఆ విండోస్ మీద నడిచే చివరి వెర్షన్ 109. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110కి కనీసం విండోస్ 10 ఉండాలి. ఎక్స్‌పీ అయితే 49తోనే, అంటే 2016లోనే ఆగిపోయింది. ఫైర్‌ఫాక్స్‌లో విండోస్ 7కు చివరిది 115 ఈఎస్ఆర్. అదీ 115.13 కన్నా పాతదైతే, 2025 మార్చి 14న లోపలి సర్టిఫికెట్ ఒకటి గడువు తీరడంతో దానిలో యాడ్-ఆన్లు వంటివి పనిచేయవు. సైట్లు ఏటా కొత్త పద్ధతుల్లో రాస్తుంటారు, పాత బ్రౌజర్‌కు ఆ భాష అర్థం కాదు. బటన్ నొక్కితే పలకదు, పేజీ సగం తెరుచుకుని తెల్లగా ఉండిపోతుంది. దీనికి ఏ సెట్టింగూ మందు కాదు. అంతకన్నా ముఖ్యంగా, భద్రతా లోపాలు సరిదిద్దేవాళ్లు లేని బ్రౌజర్‌లో బ్యాంకు పాస్‌వర్డ్, ఆధార్ ఓటీపీ కొట్టకూడదు. ఈ విషయంలో నేను మొహమాటపడను.

విండోస్ 10కు మామూలు మద్దతు కూడా 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఈ యంత్రాల మీద ఎక్కదు. మిగిలిన దారి లైనక్స్. ముందు ప్రాసెసర్ 64 బిట్‌దో కాదో చూడండి. కోర్ 2 డ్యూయో, ఆ తరువాతి డ్యూయల్ కోర్ ప్రాసెసర్లు చాలావరకు 64 బిట్‌వే, వాటి మీద 32 బిట్ విండోస్ వేసి ఉండటమే తరచూ కనిపిస్తుంది. లైనక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకానికి కనీసం 2 జీబీ ర్యామ్ చాలని, హాయిగా వాడాలంటే 4 జీబీ కావాలని దాన్ని తయారుచేసేవాళ్లే చెబుతారు. ఉచితం. తాజా ఫైర్‌ఫాక్స్ దానితోనే వస్తుంది, తెలుగు కీబోర్డు కూడా ఉంటుంది. పెన్ డ్రైవ్ నుంచే తెరిచి, హార్డ్ డిస్క్ ముట్టుకోకుండా, ప్రింటరు పలుకుతోందో లేదో ముందే చూసుకోవచ్చు. వేలిముద్ర యంత్రాల్లాంటివి ఎక్కువగా విండోస్‌నే అడుగుతాయి. కాబట్టి వార్డెన్ గారితో మాట్లాడి, ఆఫీసు పనికి వాడే యంత్రాన్ని మాత్రం కదిలించకండి.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక మాట. హాస్టల్‌కు ఏమైనా ఇవ్వాలనుకుంటే ఇంకో పాత కంప్యూటర్ పంపకండి. ఉన్నదానికి సరిపడే ర్యామ్ ముక్క, చిన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి, ఒక ఆదివారం మీ సమయం ఇవ్వండి. ఎస్‌ఎస్‌డీ పడితే ఇందాక చెప్పిన ట్రంకు పెట్టె తలుపు చటుక్కున తెరుచుకుంటుంది.

ఫారం నింపే రోజున

యంత్రం బాగయినా కాకపోయినా ఆ రోజు కొన్ని జాగ్రత్తలు తప్పవు. పొద్దున్నే కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి ఒక్క ట్యాబే తెరవండి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఐఎఫ్ఎస్‌సీ కోడ్, కులం, ఆదాయం సర్టిఫికెట్ల నంబర్లు ముందే కాగితం మీద రాసుకుని కూర్చోండి, ట్యాబు పోయినా వెతుకులాట ఉండదు. పొరపాటున మూసుకుపోయిన ట్యాబును కంట్రోల్, షిఫ్ట్, టీ కలిపి నొక్కి వెనక్కి తేవచ్చు గానీ అందులో టైపు చేసినవి ఉంటాయన్న హామీ లేదు. వెబ్ ఆప్షన్లయితే కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్ వరుస పుస్తకంలో రాసుకుని, పది పదిహేను పెట్టగానే సేవ్ నొక్కుతూ పోవాలి. ఫ్రీజ్ నొక్కడం మాత్రం అంతా సరిచూసుకున్న తరువాతే. ఫొటోలు, సర్టిఫికెట్లు సైటు అడిగిన కేబీలలోపు ముందే తగ్గించి పెట్టుకోవాలి. పెద్ద స్కాన్ ఫైల్ ఎక్కిస్తుండగా పడిపోవడం 2 జీబీ యంత్రానికి అలవాటు.

ఫీజు కట్టే మెట్టు దగ్గర మూసుకుపోతే మాత్రం కంగారుపడి మళ్లీ కట్టకండి. ముందు ఫోనుకు బ్యాంకు మెసేజీ వచ్చిందో చూడండి. డబ్బు కట్ అయి ఉంటే ఆ ట్రాన్సాక్షన్ నంబరు రాసుకుని, సైటులో మళ్లీ లాగిన్ అయి పేమెంట్ స్టేటస్ చూడండి. అక్కడ ఇంకా రాలేదంటే కాసేపు ఆగి మళ్లీ చూసి, అప్పటికీ రాకపోతే ఆ నంబరుతో సైటులో ఇచ్చిన హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.